ఎర్త్ తీగ

ప్రశాంతికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. గచ్చిబౌలిలో చిప్పులు డిజైన్ చేసే కంపెనీలో మంచి ఉద్యోగాన్ని మేనేజరు అన్న ఒక్క మాటకు మండిపడి వదిలేసి వచ్చింది. అప్పట్నుంచి శని, ఆదివారాలు అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరుగుతూ పిల్లలకు రేడియో కట్టడం నేర్పిస్తోంది. కొన్న కిట్టు విప్పి బిగించడం కాదు. అట్టగొట్టం మీద రాగితీగ చుట్టడం దగ్గర్నుంచి అన్నీ పిల్లలే చెయ్యాలి. బ్యాటరీ ఉండదు, కరెంటు ఉండదు. గాలిలోంచి ఏరియల్ పట్టుకొచ్చిన కాస్త శక్తితోనే చెవిలో పాట వినబడాలి. అది వినబడిన క్షణాన పిల్లల మొహాలు చూస్తే మాత్రం ఆమె కోపం ఎటు పోతుందో పోతుంది.

ఆ శనివారం క్లాసు కోకాపేటలో, ఆకాశాన్ని పొడిచే టవర్ల కాలనీలో. అక్కడ అడుగుపెట్టిన దగ్గర్నుంచే ఆమెకు ఒళ్లు మండుతోంది. అసోసియేషన్ సెక్రటరీ రామ్మోహనరావు ముందుగా సెల్లారులో పెట్టుకోమన్నాడు. సెల్లారులో ఫోనే పలకదు, రేడియో ఏం పలుకుతుందని అడిగితే, తోట పక్క వరండా ఖాళీ లేదన్నాడు. తీరా చూస్తే వరండాలో ఈగ కూడా లేదు. మాట వెన్నలా ఉంటుంది గానీ మనిషి కొరకరాని కొయ్య. ఈ టవర్లు కట్టేటప్పుడు బిల్డరు తరఫున సైటు మేనేజరు ఆయనే. పని పూర్తయ్యాక ఇక్కడే ఫ్లాటు తీసుకుని, కాలనీ అంతా ఇప్పటికీ తన సైటే అన్నట్టు తిరుగుతుంటాడు. చివరికి ప్రశాంతి గొంతు పెంచేసరికి వరండా ఇచ్చాడు.

పిల్లలు బాగానే వచ్చారు. ఫొటోలు తీస్తూ నిలబడ్డ తల్లిదండ్రులను ఆమె మర్యాదగానే బయటికి పంపేసింది. ముందు రెండు ఇయర్‌ఫోన్లను తీగతో కలిపి, వినే ఇయర్‌ఫోనే మాటను కూడా అందుకుంటుందని చూపించింది. పిల్లలు వరండా ఈ చివర నుంచి ఆ చివరకు గుసగుసలాడుకుని మురిసిపోయారు. ఆ తర్వాత కాయిల్ చుట్టడం. దానికి ఆమె దగ్గర ఒకటే రూలు. తీగ బిగువు తగ్గకూడదు. మధ్యలో చెయ్యి వదిలారో, చుట్టినదంతా విప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాల్సిందే. లోహిత్ అనే గడుగ్గాయి మూడుసార్లు వదిలి మూడుసార్లు మొదలుపెట్టాడు. యశస్విని అనే బక్కపిల్ల మాత్రం నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క పట్టున చుట్టేసింది.

చిక్కంతా ఎర్త్ దగ్గర వచ్చింది. రేడియోకు రెండు చేతులుంటాయని ప్రశాంతి పిల్లలకు చెప్పేది. ఒక చెయ్యి ఆకాశాన్ని పట్టుకోవాలి, రెండోది భూమిని. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఏరియల్ తీగ దించడం సులువుగానే అయింది. తోటలో ఇనుపకడ్డీ దిగ్గొడితే మాత్రం మూరెడు దిగి ఠంగుమంది. పక్కన కొట్టినా ఠంగుమంది. పచ్చిక కింద మట్టి, మట్టి కింద కాంక్రీటు, కాంక్రీటు కింద కార్ల సెల్లారు. ఇన్ని ఎకరాల కాలనీలో భూమి అన్నది లేకుండా చేశారు కదరా అని ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడే మొక్కలకు నీళ్లు పెడుతున్న సక్కుబాయి దగ్గరికొచ్చింది. కాలనీలో ఊడ్చే, తోట తడిపే మనిషి. ప్రహరీ మూలన ఉన్న పెద్ద సిమెంటు తొట్టిని చూపించి, దానికింద పాతకాలపు బోరు గొట్టం ఉన్నట్టుందని చెప్పింది. అటువైపు సెల్లారు లేదట. ఆ తొట్టిలో ఏ మొక్క నాటినా బతకదని, దాన్ని మాత్రం ఎవరూ జరపకూడదని సెక్రటరీ సారు మొదట్నుంచీ గట్టిగా చెప్పాడని కూడా అంది. జరపకూడదన్న మాట చెవినబడ్డాక ప్రశాంతి ఆగే రకం కాదు. ఇద్దరూ కలిసి తొట్టిని పక్కకు తోశారు.

తోస్తూ తోస్తూనే సక్కుబాయి తన సంగతి చెప్పుకొచ్చింది. నారాయణఖేడ్ వైపు నుంచి మొగుడూ పెళ్లాం ఇక్కడికి ఇటుకలు మొయ్యడానికి వచ్చారు. గుడిసె ఈ మూలనే ఉండేది. ఐదేళ్ల కొడుకు సాయిచంద్ ఒకరోజు పొద్దుగూకే వేళ ఆడుకుంటూ ఆడుకుంటూ కనబడకుండా పోయాడు. రోడ్డెక్కి ఎటో పోయుంటాడని సైటువాళ్లు అన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. మొగుడు కొన్నాళ్లు ఏడ్చి ఊరికి పోయాడు. ఆమె పోలేదు. టవర్లు లేచాయి, గుడిసెలు పోయాయి, ఆమె చీపురు పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"పిలగాడు మళ్లొస్తే నేను ఈడనే ఉండాలె గద మేడం" అంది, ఎంతో మామూలుగా.

తొట్టి కింద గ్రానైటు పలక ఉంది. దాన్ని జరిపితే నల్లగా గొట్టం నోరు కనబడింది. మూత లేదు, సిమెంటు లేదు, నిలువునా తెరిచే ఉంది. పెద్దమనిషి భుజాలు పట్టవు. పిల్లవాడు పడతాడు. లోపలి నుంచి ఓ వాసన కొట్టింది... తుప్పు, బురద, ఆరకుండా మగ్గిన తడిబట్టల వాసన.

"ఇది మూసేసినమన్నరు" అంది సక్కుబాయి మెల్లగా. "నేను అప్పుడే అడిగిన. బోరు ఎప్పుడో మూసేసినమన్నడు సారు."

పిల్లలు తిరిగేచోట నోరు తెరిచిన బోరును పలకతో కప్పి, పైన పూలతొట్టి పెట్టినవాడిని ఏమనాలో ప్రశాంతికి తోచలేదు. క్లాసు అయ్యాక ఆ పెద్దమనిషి సంగతి చూద్దామనుకుంది. తీగ చివర ఓ బరువైన నట్టు కట్టి, అడుగున తడి తగిలేదాకా లోపలికి వదిలింది. రీలు తిరిగింది, తిరిగింది. ఒకచోట తీగ తేలికైంది. అడుగు తగిలిందనుకుంది. అంతలోనే, కింద ఎవరో అందుకున్నట్టు, అది కాస్త బిగుసుకుంది. తీగ పోయేంత సందు ఉంచి పలకను మళ్లీ కప్పి, సక్కుబాయిని అక్కడే కాపలా ఉండమని చెప్పి వరండాలోకి వచ్చింది.

మబ్బు పట్టింది. సాయంత్రం కావడానికి ఇంకా పొద్దున్నా, నార్సింగి వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చి వరండాలో చీకటి పడింది. గాలి ఆగిపోయింది. యశస్విని తన రేడియోకు ఏరియల్, ఎర్త్ తగిలించి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. కాసేపటికి దాని మొహం వెలిగింది. ఆకాశవాణిలో ఎవరో వరినాట్ల గురించి చెబుతున్నారు. పిల్లలంతా గుమిగూడారు. ప్రశాంతి కోపం చల్లారింది.

కాసేపే.

"మిస్, వరి అంకుల్ వెనక ఇంకో బాబు ఉన్నాడు" అంది యశస్విని. "నాకూ తీగ ఇయ్యుండ్రి అంటున్నాడు."

లోహిత్ పకపకా నవ్వి ఇయర్‌ఫోన్ లాక్కున్నాడు. విన్నాడు. నవ్వు ఆపేశాడు. ఇయర్‌ఫోన్ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

ప్రశాంతి దాన్ని చెవిలో పెట్టుకుంది. వరినాట్ల కబుర్లు సన్నగా వినిపిస్తున్నాయి. వాటి వెనక ఊపిరి... చాలా దగ్గరగా, తన చెవి పక్కనే ఎవరో నోరు పెట్టినట్టు. ఎవడో వెధవ ఆట పట్టిస్తున్నాడనుకుంది. ఏరియల్ తీగ పీకేసింది. వరినాట్లు ఆగిపోయాయి. ఏరియల్ లేని రేడియోలో ఇంకేమీ ఉండకూడదు. బ్యాటరీ లేదు. కరెంటు లేదు.

ఊపిరి ఉంది.

"అమ్మా... చీకటైతుందే..."

ప్రశాంతి ఎర్త్ తీగ పీకింది. నిశ్శబ్దం. మళ్లీ తగిలించింది. ఊపిరి. మాట ఆకాశం నుంచి రావడం లేదు. రెండో చేతిలోంచి వస్తోంది.

పిల్లలను ఇళ్లకు పంపెయ్యాలని ఆమె లేచేసరికి యశస్విని బల్ల దగ్గర లేదు. తిరిగి చూస్తే సక్కుబాయి చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. రేడియోలో బాబు మీలాగే మాట్లాడుతున్నాడు రండి ఆంటీ అంటోంది. అడ్డుపడాలని ప్రశాంతికి అనిపించింది. అంతలోనే పిల్ల తన చేతులతోనే ఇయర్‌ఫోన్‌ను సక్కుబాయి చెవిలో పెట్టింది.

సక్కుబాయి విన్నది. ఏడవలేదు. అరవలేదు. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఇందాక పిల్లలు గుసగుసలాడుకోవడం చూసిందేమో, దాన్ని పెదాల దగ్గర పెట్టుకుంది.

"చందూ... బువ్వ తిన్నవా బిడ్డా?"

మళ్లీ చెవికి పెట్టుకుంది. ఏం విన్నదో ప్రశాంతికి తెలియదు. ఆమె మొహంలో మాత్రం ముందు కన్నీళ్లలాంటిదేదో కదిలి, అది నీళ్లు కాకముందే గడ్డకట్టి రాయైపోయింది. "పైన రాయి ఏసిండ్రంట" అంది.

తొట్టి జరిపారన్న కబురు కాలనీ వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎక్కినట్టుంది. రామ్మోహనరావు వాన ముంచుకొస్తున్నా గొడుగు కూడా లేకుండా తోటకు అడ్డంపడి వచ్చాడు. ఇది చాలా తప్పండీ ప్రశాంతిగారూ అంటూ మొదలుపెట్టి, పర్మిషన్లనీ కమిటీ అనీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. ప్రశాంతి సక్కుబాయి చేతిలోంచి ఇయర్‌ఫోన్ తీసుకుని ఆయన ముందు పెట్టి, ఇది విని ఆ తర్వాత ఏమైనా అనండి అంది. పిల్లల ముందు కాదనలేక ఆయన నవ్వుతూనే చెవిలో పెట్టుకున్నాడు.

నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం మారాయి.

"అదేంటండీ..." అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "తెల్లారేసరికి ఆగిపోయింది కదా..."

వరండాలో అందరూ విన్నారు. వాన మొదటి చినుకులు వరండా పైరేకు మీద టపటపమన్నాయి. తానన్న మాట తన చెవినే పడ్డాక ఆయన ఇయర్‌ఫోన్‌ను పామును విదిలించినట్టు విదిలించాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే చెప్పసాగాడు. ఆ మర్నాడు పెద్ద ఇన్‌స్పెక్షను ఉందట. రాత్రంతా ఏదో మూలిగిందట. కుక్కపిల్ల అనుకున్నారట.

"కుక్కపిల్లని అనుకున్నామండీ. నిజంగానండీ."

"కుక్కపిల్లయినా సరే, తాడు వెయ్యాలనిపించలేదా నీకు?" అంది ప్రశాంతి. ఆయనను ఎప్పుడు ఏకవచనంలోకి దించిందో ఆమెకే తెలియదు. ఎవరు కడుపు మాడ్చుకుని ఇటుకలు మోస్తే ఈ టవర్లు లేచాయో, వాళ్ల పిల్లవాడు రాత్రంతా మొత్తుకుంటుంటే, వీడు ఇన్‌స్పెక్షన్ కోసం పైన పలక పరిచి పడుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ తల్లితోనే తోట ఊడిపించాడు. చెయ్యెత్తి కొట్టేదే. సక్కుబాయి ఆపింది. ఆమె రామ్మోహనరావు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బోరు దగ్గరికి పోయి, పలకను పూర్తిగా పక్కకు లాగి, వానలో దాని పక్కనే కూర్చుంది.

ప్రశాంతి పోలీసులకు ఫోన్ చేసింది. వచ్చిన కానిస్టేబులు టార్చి వేసి చూసి, ఈ వానలో ఏమీ చెయ్యలేమని, పొద్దున కెమెరా దించేవాళ్లను తెస్తామని చెప్పి, సక్కుబాయిని బలవంతంగా ఆమె గదికి పంపించాడు. రామ్మోహనరావు తేలు కుట్టిన దొంగలా లిఫ్టెక్కి పైకి పోయాడు.

తెల్లవారి ప్రశాంతి మణికొండలోని తన ఇంటి నుంచి వచ్చేసరికి కాలనీ గేటు దగ్గర గుంపు ఉంది. రామ్మోహనరావు కనబడటం లేదు. ఎవరో పిలుస్తున్నారంటూ వేకువనే లేచి చొక్కా కూడా వేసుకోకుండా కిందికి వెళ్లాడని ఆయన భార్య జయలక్ష్మి చెప్పింది. సీసీ కెమెరాలో ఆయన తోటలోకి నడవడం కనబడింది. బోరు దగ్గర మోకాళ్ల మీద వంగి గొట్టానికి చెవి పెట్టడం కనబడింది. తర్వాత వాననీళ్లు కెమెరా మీద జారాయి. నీళ్లు పోయాక అక్కడ మనిషి లేడు. సక్కుబాయి లాగేసిన పలక మాత్రం మళ్లీ గొట్టం మీద ఉంది. ఇద్దరు కలిస్తే గానీ కదలని తొట్టి, దాని మీద ఉంది.

కెమెరా దించారు. గొట్టం అడుగుదాకా ఖాళీ. పిల్లవాడు లేడు, పెద్దవాడు లేడు, ఒక చిన్న ఎముక కూడా లేదు. అడుగున ఎండిన రాయి. విచిత్రం, ప్రశాంతి దించిన తీగ కూడా తెర మీద కనబడలేదు. పైన చూస్తే అది గొట్టంలోకి బిగుతుగా దిగే ఉంది. లాగితే రాలేదు. ఎక్కడో చిక్కుకుంది లెమ్మని వాళ్లు దాన్ని వదిలేసి, పలకనూ తొట్టినీ మళ్లీ పైన పెట్టేశారు. ఏమీ లేనిదానికి ఒక పెద్దమనిషిని నలుగురిలో అల్లరి చేశారని ఇన్‌స్పెక్టరు ప్రశాంతిని కోప్పడ్డాడు. పిల్లలు విన్నదానికి సాక్ష్యం లేదన్నాడు. ఆయన వెతికించాల్సిన చోటల్లా వెతికించాడు. రామ్మోహనరావు ఫోను సిగ్నల్ మాత్రం ఎన్నిసార్లు చూసినా ఈ తోట దాటి పోలేదు.

మరుసటి శనివారం మధ్యాహ్నం ప్రశాంతి తన సామాను తీసుకుపోవడానికి వచ్చింది. ఇకపై ఈ కాలనీలో క్లాసులు వద్దని కమిటీవాళ్లు మెసేజి పెట్టారు. ఎండ కాస్తోంది. యశస్విని కట్టిన రేడియో వరండా బల్ల మీద అలాగే ఉంది. ముట్టుకోకూడదనే అనుకుంది. కానీ ఆ పిల్లవాడు ఇంకా ఒంటరిగా ఉన్నాడేమోనన్న ఆలోచన వారమంతా ఆమెను నిద్రపోనివ్వలేదు. తొట్టి దగ్గర సక్కుబాయి కూర్చుని ఉంది. ఇద్దరూ కలిసి తొట్టి జరిపారు, పలక సగం తీశారు. ప్రశాంతి రేడియోను అక్కడికే తెచ్చి, ఏరియల్ లేకుండా ఎర్త్ ఒక్కటే తగిలించి ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

ముందు ఊపిరి. పెద్ద ఊపిరి. ఆయాసపడుతున్న మనిషిది.

"అమ్మా... ఎవరండీ పైన... రాయి తియ్యండీ... కుక్కపిల్ల కాదండీ... మనిషినండీ..."

ప్రశాంతి ఇయర్‌ఫోన్ తియ్యబోయింది. అంతలో ఆ గొంతు వెనక ఇంకో గొంతు, ఏ తొందరా లేకుండా, పిల్లలు బడి ఆట ఆడుకునేటప్పటి దర్జాతో...

"సార్, చెయ్యి ఇడిసినవ్. ఇగ ఇప్పు. మళ్లా మొదటికెల్లి సుట్టాలె."

అది ఆమె రూలే. వరండాలో పిల్లలకు ఆమె చెప్పిన మాటే. బోరులోకి తీగ దించకముందే చెప్పింది.

సక్కుబాయి చెయ్యి చాపింది. ప్రశాంతి ఇచ్చేసింది. ఆమె చాలాసేపు విన్నది. వింటూ వింటూ ఉండగా ఆమె పెదాల మీద నవ్వులాంటిది వచ్చింది, కొడుకు పలక మీద అక్షరం దిద్దుతుంటే తల్లి నవ్వే నవ్వు. తర్వాత ఆ నవ్వు అలాగే ఉంచి ఇయర్‌ఫోన్ తీసి, దాని తీగను జాగ్రత్తగా చుట్టి ప్రశాంతి చేతిలో పెట్టింది.

"ఏం లేదు మేడం" అంది. "ఏదో కుక్కపిల్ల మొత్తుకుంటుంది."

ఆమె పలకను గొట్టం మీదికి తోసింది. ప్రశాంతి అక్కడే నిలబడింది. వద్దనాలి. ఫోన్ తియ్యాలి, ఎవరినైనా పిలవాలి. వారం కిందటి కోపం కడుపులో ఇంకా అలాగే రగులుతోంది. తొట్టికి సక్కుబాయి ఒకవైపు చెయ్యి వేసింది. కాసేపు ఆగి, రెండోవైపు ప్రశాంతి వేసింది.

ఇద్దరూ చేతులు దులుపుకుంటుంటే పచ్చిక మీద ఏదో గీరుకుంటున్న చప్పుడైంది. వరండా మెట్ల మీద పెట్టిన రాగితీగ రీలు తనంతట తానే తిరుగుతోంది. తీగ పచ్చిక మీదుగా పాకి, పలక సందులోంచి లోపలికి పోతోంది. కాస్త పోతుంది, బిగుసుకుంటుంది, ఆగుతుంది. మళ్లీ కాస్త పోతుంది... ఒక్కో చుట్టుకు ఎంత కావాలో అంతే. దాన్ని కత్తిరించడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు. రీలులో తీగ ఇంకా చాలా ఉంది.